పట్టాలో పేరులేని ఇల్లాలు: బొర్రా కొండల్లో పందొమ్మిదో శతాబ్దపు రైతు స్త్రీ జాడ



గిడుగు వేంకట రామమూర్తి గారి స్మృతిలో మాట్లాడమన్నప్పుడు నాకు వేరే విషయం తోచలేదు. ఆయన సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు. దానికి వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. రాత లేని చోట చెప్పేవాళ్ల నోటినే ఆధారంగా తీసుకున్నారు. ఆ దారిలోనే ఒక ప్రశ్న వేస్తున్నాను. నూట యాభై ఏళ్ల కిందట అనంతగిరి మండలంలోని ఈ బొర్రా కొండల్లో పోడు కొట్టి, చోడి పండించి, పిల్లల్ని సాకి వెళ్లిపోయిన రైతు ఇల్లాలి బతుకును ఇవాళ ఎక్కడ వెతకాలి?

మైదానంలో కరణం లెక్కలు, దస్తావేజులు, కాశీ, గయ పండాల పుస్తకాలు ఉంటాయి. కొండమీద పరిస్థితి వేరు. 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు పాలన నుంచి తప్పించి, ఏజెంటు హోదాలో కలెక్టరు చేతికిచ్చింది. ఏజెన్సీలో చాలాచోట్ల ముఠాకు, అంటే కొన్ని ఊళ్ల గుంపుకు, పెద్ద అయిన ముఠాదారు శిస్తు వసూలు చేసేవాడు. పైవాళ్లకు ముఠా కట్టే మొత్తం కావాలి గాని, ఏ మడి ఎవరు దున్నారో అక్కర్లేదు. ముఠాలను రద్దుచేసి రైతువారీ పద్ధతి తెచ్చిన నిబంధన 1969లో గాని రాలేదు. 1871 జనాభా లెక్కల అచ్చు పట్టికల్లో మనుషుల సంఖ్యలున్నాయి, పేర్లు లేవు. దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటాల్లో గదబ తెగ స్త్రీ నారతో నేసుకునే చారల గుడ్డ గురించి, చెవులకు పెట్టుకునే పెద్ద ఇత్తడి చుట్ల గురించి ఉంది. ఆ గుడ్డ నేసిన ఒక్క మనిషి పేరు మాత్రం మనకు చిక్కదు.

దీని పక్కన మరో కాగితం పెట్టి చూడండి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. ఆ తరవాత అర్ధ శతాబ్దం పాటు దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తెలుగు స్త్రీలు ఎందరో ఉన్నారు. ఓడ రిజిస్టర్లలో వాళ్ల పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటిమీది గుర్తులు రాశారు. మనిషిని కూలికి ఒప్పందం చేసుకున్నవాడికి ఆ వివరం కావాలి కాబట్టి రాసుకున్నాడు. ఊరు విడిచి వెళ్లినామె జాడ అలా దొరుకుతోంది. ఊళ్లోనే ఉండి కొండను సాగు చేసినామె జాడ దొరకడం లేదు. ఇది నాకు పెద్ద అన్యాయంగా కనిపిస్తుంది.

అయితే ఆమె ఆనవాళ్లు లేకపోలేదు. ఒకటి, చుట్టరికం. ఇక్కడి వంశాలకు ఒక్కో గుర్తు ఉంటుంది: కొర్రా వంశానికి సూర్యుడు, కిల్లోకు పులి, పాంగికి గద్ద, వంతలకు పాము, గొల్లోరికి కోతి. ఒకే వంశంలో పెళ్లి కుదరదు కనుక కోడలు ఏ వంశం పిల్లో, ఏ ఊరి ఆడపడుచో ఇంటి పెద్దలకు గుర్తుండి తీరాలి. ఓలి (కన్యాశుల్కం) కింద ఏమిచ్చారో కూడా రెండు ఇళ్లూ గుర్తుపెట్టుకుంటాయి. పేరొక్కటే పట్టుకుంటే చాలదు. సోంబారి, బుద్రి, గురుబారి, సుక్రి అంటూ పుట్టిన వారాన్ని బట్టి పెట్టిన పేర్లు ఊరికి నలుగురికి ఉంటాయి. పేరుకు వంశం, పుట్టినూరు, ఓలి జోడిస్తే అప్పుడు ఒక్క మనిషి తేలుతుంది.

రెండోది, నేల. గెడ్డ పక్కన మెట్లుగా దిగే వరి మళ్లను దగ్గరికెళ్లి చూడండి. సున్నం, సిమెంటు లేకుండా రాయిమీద రాయి పేర్చిన గట్టు. అడుగున పెద్ద బండలు, పైన రెండు చేతులతో ఎత్తగలిగిన రాళ్లు, నీరు కింది మడిలోకి జారడానికి ఒక మూల సందు. ఏటా వానలకు జారిన రాళ్లను మళ్లీ పేర్చకపోతే ఆ మడి నిలవదు. తరతరాలుగా ఆ రాళ్లు మోసిన చేతుల్లో ఆడవాళ్ల చేతులూ ఉన్నాయి. ఆ గట్టు ఆ ఇంటి దస్తావేజు.

చట్టం కూడా ఈ మాటకు దగ్గరగా వచ్చింది. ఈ బొర్రా పరిసర గ్రామాల గనుల లీజుల మీద నడిచిన సమతా కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని 1997 జులై 11న సుప్రీంకోర్టు చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం పెళ్లయినవారికి హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరిటా ఇవ్వాలంది. దాని నిబంధనలు పెద్దల వాంగ్మూలాన్ని, గట్లను, బావులను, శ్మశానాలను, వంశక్రమాన్ని సాక్ష్యంగా ఒప్పుకుంటాయి. వంశక్రమం అంటే మగవాళ్ల వరస మాత్రమే కాదని మనం రాసి చూపించాలి.

ఇప్పుడు డెబ్బై ఏళ్లున్న అవ్వకు నాయనమ్మ గుర్తుంటుంది. ఆ నాయనమ్మ 1900 ప్రాంతపు మనిషి. ఆమెకు అత్తగారు పందొమ్మిదో శతాబ్దంలో పుట్టిన ఇల్లాలు. రెండే రెండు జ్ఞాపకాల దూరం. ఈ అవ్వలు వెళ్లిపోతే ఆ దారి మూసుకుపోతుంది.

అందుకే నా విన్నపం. ప్రతి గ్రామసభ ఒక పుస్తకం పెట్టాలి. బడి పిల్లలు అవ్వల దగ్గర కూర్చుని నాలుగు సంగతులు అడగాలి: మీ నాయనమ్మ అత్తగారి పేరేమిటి, ఏ వంశం నుంచి, ఏ ఊరి నుంచి వచ్చింది, ఓలి ఏమిచ్చారు, ఏ మడి ఆమె చేతిమీద నడిచింది? అవ్వ ఏ భాషలో చెబితే ఆ మాటల్లోనే రాయాలి, చదివి వినిపించాలి, సభ ముందు వేలిముద్ర వేయించాలి. ఆ పుస్తకం మీద హక్కు ఆ ఊరిదే. గిడుగు వారి పేరు తలుచుకునే మనం చేయదగ్గ పని ఇది. ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెడదాం.