వరద రాకముందే మన కాగితాల సంగతి



వరద వస్తే ముందు మనుషుల్ని, ఆ తర్వాత బియ్యాన్నీ సామాన్లనూ చూసుకుంటాం. అది సబబే. మరి కాగితాల మాటేమిటి? వక్ఫ్ దస్తావేజులు, నిఖా రిజిస్టర్లు, తాతలు స్వదస్తూరీతో రాసిపెట్టిన కితాబులు - వీటిలో చాలావాటికి రెండో ప్రతి లేదు. రేపు ఖబరస్తాన్ హద్దు మీద తగాదా వస్తే, కోర్టువారు ముందు కాగితమే చూపించమంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ ఇళ్ళలో రోజుల తరబడి నీళ్ళు నిలిచిన సంగతి అందరం చూశాం.

ముందుచూపు అంటే ఏమిటో ఆఫ్రికాలోని టింబక్టు వాసులు చూపించారు. 2012లో ఆ ఊరు సాయుధ ముఠాల చేతికి చిక్కింది. అబ్దుల్ ఖాదర్ హైదరా అనే గ్రంథపాలకుడు, ఆయన మిత్రులు ఇనుప ట్రంకులు కొని, శతాబ్దాల నాటి రాతప్రతులను అందులో సర్ది, ముందు ఊళ్ళోని ఇళ్ళలో దాచారు. తర్వాత బళ్ళ మీదా, కార్లలోనూ, నైజరు నది పడవల్లోనూ రాజధాని బమాకోకు చేర్చారు. 2013 జనవరిలో ముఠాలు పారిపోతూ సుమారు 4,000 ప్రతులను తగలబెట్టాయి. అయినా లక్షలాది ప్రతులు దక్కాయి. కాని బమాకోలో గాలి చెమ్మ ఎక్కువ కావడంతో బూజు భయం మొదలైంది. అంటే తరలిస్తే సరిపోదు, తరలించిన చోటా కనిపెట్టి ఉండాలన్నమాట.

ఇక మనం చేయవలసింది. కితాబుల అల్మారా అడుగు అర నేల మీద నుంచి జానెడైనా ఎత్తున ఉండాలి. నీటి గొట్టం కిందా, కారే కప్పు కిందా పెట్టకూడదు. ముందుగా ఏవి బయటికి తీయాలో జాబితా రాసి, దాని నకలు మరో ఇంట్లో ఉంచాలి. దస్తావేజులన్నిటికీ ఫోటోలు తీయించి రెండు వేర్వేరు చోట్ల భద్రపరచాలి.

పుస్తకం తడిస్తే కంగారు పడొద్దు. గదిలో కరెంటు ఆపించాకే లోపలికి వెళ్ళాలి. తడిసిన పుటలను బలవంతంగా విప్పకూడదు, పిండకూడదు, చేతిరాతను తుడవకూడదు, ఎర్రటి ఎండలో పెట్టకూడదు. నీడలో ఫ్యాను గాలికి ఆరనిచ్చి, పుటల మధ్య అచ్చులేని తెల్లకాగితం పెట్టి, అది తడిసినప్పుడల్లా మార్చాలి. రెండు రోజులు దాటితే బూజు పట్టేస్తుంది. అన్నీ ఒకేసారి ఆరబెట్టలేకపోతే, ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెడితే బూజు ఆగుతుంది. తర్వాత నిదానంగా ఆరబెట్టుకోవచ్చు.

ఈ ఏడాది సంఘం తరఫున నాలుగు ట్రంకులు కొని, యువకులు నలుగురికి, సోదరీమణులు ఇద్దరికి ఈ బాధ్యత అప్పగించాలని మనవి చేస్తున్నాం. ఖర్చు స్వల్పం, దక్కేది మన పెద్దల జ్ఞాపకం. ప్రతి కుటుంబం వానాకాలం రాకముందే తమ ఇంటి కాగితాలను ఒకసారి తీసి చూసుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం. అల్లాహ్ మనందరినీ ఆపదల నుంచి కాపాడుగాక. ఆమీన్.