ఊరికి ఊరే కాపు



లక్కయింట పాండవులను కాపాడినది నిప్పంటుకొనకమునుపే త్రవ్వించిన బిలము. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్విన ఫలమేమి?

1977 నవంబరు 19 నాటి ఉప్పెనకు దివిసీమలో వేలమంది అసువులు బాసిరి. దారులు తెగినవేళ, వెలుపలి సాయము చేరులోగా, మిగిలినవారే తోడివారిని ఆదుకొనిరి. నిప్పునకును ఇదే న్యాయము.

వేసవి గాలికి తాటాకు కప్పునుండి గడ్డివామునకు నిప్పు ప్రాకుటకు ఎంతో సేపు పట్టదు. గుడివాడనుండియో బందరునుండియో అగ్నిమాపక శకటము వచ్చులోగా ఊరి యువకులే దళము కావలెను. ఒకరు 101కు ఫోను చేయవలెను; కొందరు పసివారిని, వృద్ధులను వెలికిఁ దెచ్చి, పశువుల పలుపులు కోయవలెను; కొందరు చెరువునుండి బారులు తీరి బిందెలందీయవలెను; కొందరు గాలివాలునందలి కప్పులను తడుపవలెను.

ఎవరి పని యేదో నేడే నిర్ణయించి, ఆ పట్టికను గ్రంథాలయపు గోడకు వ్రేలాడఁదీయుటయే ఈ రజతోత్సవమునకు తగిన కానుక.