మళ్లీ ఎప్పుడు రావాలి



ఒక ఏ.ఎన్.ఎం. పేరు మీద స్మారకోపన్యాసం పెట్టడం నేను ఇంతవరకూ ఎక్కడా చూడలేదు. పెద్ద సర్జన్ల పేర్ల మీద, ప్రొఫెసర్ల పేర్ల మీద ఇలాంటి సభలు జరుగుతాయి. 31 ఏళ్లు ఒకే సబ్‌సెంటరు పరిధిలో కాలినడకన తిరిగిన మనిషి కోసం ఆమె పిల్లలూ, ఐదు ఊళ్లవాళ్లూ చందాలు వేసుకుని ఈ నిధి పెట్టారు. మొదటి ఉపన్యాసానికి నన్ను పిలిచారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగా ఆమెతో ఏడేళ్లు పనిచేశాను. ఆమె అసలు పేరు ఊళ్లలో చాలామందికి తెలియదు. అందరికీ నర్సమ్మే. ఇవాళ నేనూ అలాగే పిలుస్తాను.

నర్సమ్మ దగ్గర ప్రభుత్వ రిజిస్టర్లు కాక సొంత నోటుపుస్తకం ఒకటి ఉండేది. పిల్లల లెక్కల పుస్తకం. అందులో మూడే గళ్లు: పేరు, ఎందుకొచ్చారు, మళ్లీ ఎప్పుడు రావాలి. చెప్పిన రోజుకు తిరిగొచ్చిన వాళ్ల పేరు కింద ఎర్రగీత గీసేది. గీత పడని పేర్లు ఏ ఊళ్లో ఎక్కువుంటే ఆ వారం ఆ ఊరికి వెళ్లేది. మేము ఆసుపత్రి గోడ మీద రాసుకునే లెక్క వేరు. ఈ నెల ఓ.పి. ఎంత, కాన్పులెన్ని, టీకాలెన్ని అని. అదంతా వచ్చినవాళ్ల లెక్క. రానివాళ్ల లెక్క మొత్తం మండలంలో ఆమె ఒక్కతే రాసేది. నేనివాళ చెప్పదలచుకున్నది ఆ మూడో గడి గురించే.

మన దేశంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్న ఆలోచనకు రూపం ఇచ్చింది భోర్ కమిటీ. 1943లో వేశారు, 1946లో నివేదిక ఇచ్చింది. డబ్బు లేదన్న కారణంగా ఏ మనిషికీ వైద్యం అందకుండా పోకూడదన్నది దాని మొదటి సూత్రం. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలయ్యాక బ్లాకుల్లో ఈ కేంద్రాలు వెలిశాయి. 1978లో ఆల్మా ఆటా ప్రకటన వచ్చింది, 2000 నాటికి అందరికీ ఆరోగ్యం అనుకున్నాం. మైదాన ప్రాంతంలో 30 వేల మందికి, ఏజెన్సీలో 20 వేల మందికి ఒక ప్రాథమిక కేంద్రం. ఐదు వేలకు, ఏజెన్సీలో మూడు వేలకు ఒక సబ్‌సెంటరు అని లెక్క కట్టుకున్నాం. 2005 ఏప్రిల్ 12న గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలై వెయ్యి మందికి ఒక ఆశా కార్యకర్త వచ్చింది. ఆ తర్వాత హైదరాబాదులో బస్తీ దవాఖానాలు, తెలంగాణ పల్లెల్లో పల్లె దవాఖానాలు, ఆంధ్రలో విలేజ్ క్లినిక్కులు వచ్చాయి. వీటిలో ఏ ఒక్కదాన్నీ నేను తక్కువ చెయ్యను. నా ఉద్యోగం మొదట్లో జ్వరం వచ్చిన బిడ్డను భుజాన వేసుకుని తొమ్మిది కిలోమీటర్లు నడిచొచ్చిన తల్లిని చూశాను. ఇవాళ ఆ ఊళ్లోనే గది ఉంది, మందులున్నాయి, శిక్షణ పొందిన అమ్మాయి కూర్చుంటోంది.

అయితే ఈ లెక్కలన్నీ జనాభా మీదా దూరం మీదా కట్టినవి. వేళ గురించి అంత పట్టింపు ఎక్కడా కనపడదు.

మా మండలంలో కూలికి వెళ్లే ఆడవాళ్లు పొద్దున ఏడింటికి ఇల్లు కదిలేవాళ్లు. తిరిగొచ్చేసరికి సాయంత్రం ఐదు. మా ఓ.పి. తొమ్మిదికి మొదలై నాలుగుకు ముగిసేది. మా దగ్గరికి రావాలంటే ఆ రోజు కూలి వదులుకోవాలి, ఆటోకి ఇచ్చుకోవాలి, ఇంట్లో చిన్నపిల్లను ఎవరికో అప్పజెప్పాలి. మేము ఉచితం అని బోర్డు రాసుకున్న వైద్యం వాళ్లకు ఏనాడూ ఉచితంగా దొరకలేదు. ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు అయితే చీకటిపడే వేళకు బండి మీద గుమ్మంలోకే వస్తాడు. డబ్బులు కోతలయ్యాక ఇమ్మంటాడు. అతను అవసరం లేని సూదిమందు వేస్తాడు, ఒళ్లునొప్పికి స్టెరాయిడ్ ఇస్తాడు. జీవితమంతా దాన్ని వ్యతిరేకించాను, ఇప్పటికీ వ్యతిరేకిస్తాను. కానీ జనం అతని దగ్గరికి వెళ్లేది తెలివితక్కువై కాదని నర్సమ్మ నన్ను ఒప్పించింది. "వాళ్లకు తీరిక దొరికే వేళకు అతను ఉంటున్నాడు, మనం ఉండటం లేదు సార్" అంది. వారంలో రెండు సాయంత్రాలు, ఐదు నుంచి ఎనిమిది దాకా ఓ.పి. పెట్టాం. మొదటి నెల ఎవరూ రాలేదు. మూడో నెలకు బి.పి. మందు మానేసి కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే కనపడటం మొదలైంది. నాకు బదిలీ అయ్యాక ఆ సాయంత్రాలు ఆగిపోయాయి. ఒక మనిషి ఇష్టం మీద నడిచేది ఆ మనిషితోనే పోతుంది. అది ఉత్తర్వులో ఉండాలి, అందుకు మనుషులను అదనంగా ఇవ్వాలి.

బి.పి. మాట వచ్చింది కాబట్టి అక్కడ కాస్త ఆగుతాను. ఆ జబ్బుకు నొప్పి ఉండదు. నొప్పి లేని జబ్బుకు రోజూ బిళ్ల మింగమని చెప్పి, నెలనెలా రమ్మనడం వైద్యంలో అన్నిటికంటే కష్టమైన పని. 2017 నవంబరులో ఐదు రాష్ట్రాల్లో రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఒకటి మొదలైంది. తెలంగాణ ఆ ఐదింటిలో ఒకటి. అందులో కొత్త మందు ఏదీ లేదు. అందరికీ ఒకే వరసలో రాసే తేలిక చికిత్సా పద్ధతి, ఒక్కసారికి నెలకు సరిపడా బిళ్లలు, ఇంటికి దగ్గరి కేంద్రంలోనే కొలత, చెప్పిన తేదీకి రానివాళ్ల జాబితా. ఆ జాబితా గురించి మొదటిసారి చదివినప్పుడు నర్సమ్మ ఎర్రగీతలే గుర్తుకొచ్చాయి.

అయితే మనిషి తిరిగి రావాలంటే మొదటిసారి కొలిచిన కొలత నిజమైనదై ఉండాలి. రద్దీ ఉన్న రోజు మా ఓ.పి. గదిలో ఏం జరిగేదో దాచకుండా చెబుతాను. ఎండన పడి నడిచొచ్చిన అరవయ్యేళ్ల ఆమెను నిలబెట్టే, చేతికి పట్టీ చుట్టేవాళ్లం, జాకెట్టు చెయ్యి మీదనే. ఆమె కోడలి గురించి చెబుతూ ఉండేది, మేము పాదరసం చూస్తూ ఉండేవాళ్లం. 160 అని రాసి బిళ్ల ఇచ్చేవాళ్లం. ఇంటికెళ్లి రెండు రోజులు మింగితే కళ్లు తిరిగి పడేది. ఇక ఆమె మళ్లీ ఎందుకొస్తుంది? వెనక్కి ఆనుకుని ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి, మాట్లాడించకూడదు, మూత్రానికి వెళ్లొచ్చాకే కొలవాలి. వైద్య విద్యార్థిగా పరీక్షలో రాసినదే ఇదంతా. నర్సమ్మ చేసినదల్లా వరండాలో గోడవారన ఒక బెంచీ వేయించి, దాని ఎదురుగా గడియారం తగిలించడం. ఐదు నిమిషాలు అయ్యాక రోగులే లేచొచ్చేవాళ్లు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఈ సభలో చెప్పకపోతే ఇంకెక్కడా చెప్పలేను.

వానాకాలం, నాట్లు పడుతున్న రోజులు. రాత్రి ఎనిమిదిన్నరకు ఒక రైతును నులకమంచం మీద మోసుకొచ్చారు. గట్టు మీద నడుస్తుంటే కాలికి ఏదో కరిచింది, పామును ఎవరూ చూడలేదు. నాగుపామో కట్లపామో అయితే రెప్పలు వాలతాయి, ఊపిరి అందదు. రక్తపింజరి అయితే రక్తానికి గడ్డకట్టే గుణం పోతుంది. అది తేల్చుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. శుభ్రంగా, పొడిగా ఉన్న గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా నిలబెట్టి, తర్వాత వంచి చూడాలి. గడ్డకడితే సరే. జారితే విషం ఎక్కినట్టు లెక్క.

వంచాను. జారింది. విరుగుడు మందు పది సీసాలు తీయమన్నాను. గుర్రం రక్తం నుంచి తయారయ్యే మందు అది. ప్రాణం నిలబెడుతుంది, ఒక్కోసారి ఒంటికి పడక ప్రాణం మీదికీ తెస్తుంది. అందుకే అడ్రినలిన్ సిరంజిలోకి ఎక్కించి పక్కన పెట్టుకున్నాకే మొదలుపెడతాం. నర్సమ్మ అడ్రినలిన్ ఎక్కించింది. విరుగుడు సీసా మాత్రం విప్పలేదు.

"సార్, కాలు వాయలేదు. చిగుళ్లలో రక్తం లేదు. నా రక్తం తీసి ఇదే గొట్టాల్లో ఒకదాంట్లో పోయండి" అంటూ చెయ్యి చాచింది.

బయట ఆ రైతు భార్య ఏడుస్తోంది. నాకు కోపం వచ్చింది. అయినా నర్సమ్మ ముఖం చూసి కాదనలేకపోయాను. బీరువాలోంచి కొత్త డబ్బా విప్పి అతని రక్తాన్నీ ఇంకో గొట్టంలో మళ్లీ పోశాం. అడ్రినలిన్, విరుగుడు సీసాలు మంచం పక్కనే ఉన్నాయి. ఇద్దరం అతని రెప్పల వంకే చూస్తూ 20 నిమిషాలు కూర్చున్నాం. నర్సమ్మ రక్తం ఉన్న పాత గొట్టం వంచితే నీళ్లలా జారింది. పాము కరవని మనిషి రక్తం. కొత్త గొట్టంలో అతని రక్తం గడ్డకట్టి అంటుకుపోయి ఉంది. 24 గంటలు కనిపెట్టుకుని, పరీక్ష మళ్లీ మళ్లీ చేసి, ఒక్క సీసా ఎక్కించకుండా ఇంటికి పంపాం.

మర్నాడు అడిగితే తెలిసింది. గొట్టాలు కడిగే ఆయా వాటిని సబ్బుపొడితో తోమి ఎండలో ఆరబెట్టింది. సబ్బు అంటిన గాజులో రక్తం గడ్డకట్టదు. ప్లాస్టిక్ గొట్టాన్నీ నమ్మడానికి లేదు. శుభ్రం చెయ్యమన్నాం, ఆమె శ్రద్ధగా చేసింది. ఎందుకు, ఎలా అన్నది చెప్పవలసినవాణ్ణి నేను. చెప్పలేదు. ఆ రోజు నుంచి పాము పరీక్ష గొట్టాలకు వేరే డబ్బా పెట్టాం. దాని మూత మీద నర్సమ్మ "ఇవి కడగొద్దు" అని రాసింది.

2019 నుంచి ఏటా సెప్టెంబరు 17న ప్రపంచ రోగి భద్రతా దినం జరుపుతున్నారు. పోస్టర్లు అంటిస్తాం, చేతులు కడుక్కోవడం చూపిస్తాం. అవి కావలసినవే. కానీ ఆ రాత్రి ఆ రైతును కాపాడింది డాక్టరుకు ఎదురుగా నిలబడి ఆగండి అనగలిగిన ఒక నర్సు. అలా అన్నందుకు తర్వాత తన ఉద్యోగానికి ఏమీ కాదని ఆమెకు తెలుసు. మన ఆసుపత్రుల్లో ఎన్నింటిలో ఆ ధీమా ఉంది? తప్పు జరిగితే కింద ఉద్యోగికి మెమో ఇచ్చి చేతులు దులుపుకునే చోట తప్పులు బయటికి రావు, గొట్టాల్లాగే అల్మారాలో దాక్కుంటాయి. ఆ రైతు పదిరోజులకు వాళ్ల అమ్మను బి.పి. చూపించడానికి తీసుకొచ్చాడు. ఆ రాత్రి వరకూ ఆ ఇంట్లో ఎవరూ మా గడప తొక్కలేదు.

మనిషే తిరిగి రాలేనప్పుడు మనమే తిరిగి వెళ్లాలి. మన ఆదిలాబాదు వైపు ప్రాణహిత దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి బాలింత ఇంటికి మళ్లీ మళ్లీ పంపారు. బిడ్డను తూచడం, ఒంటికి వెచ్చదనం చూడటం, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు తీస్తోందో లెక్కపెట్టడం, సెప్సిస్ లక్షణాలు కనపడితే మందు మొదలుపెట్టడం. నవజాత శిశు మరణాలు 60 శాతానికి పైగా తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇవాళ ఆశా కార్యకర్తలు ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికెళ్లడం ఆ పని నుంచి వచ్చిందే. అన్నిసార్లు వెళ్లే ఆశాకు జీతం లేదు, పారితోషికమే. అది ఆలస్యంగా వస్తుంది. ఇది నాకు బాధ కలిగించే విషయం, ఇక్కడ అధికారులుంటే వినాలి.

ఇంకొకటి. ఆడవాళ్లు రెండోసారి రాకపోవడానికి చాలాసార్లు కారణం ఒక తెర. ఓ.పి. గదిలో పదిమంది మధ్య "నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా" అని అడిగితే ఎవరు జవాబు చెబుతారు? పక్కనున్నది పెదనాన్నో, ఊరి పెద్దో. నర్సమ్మ తన పాత చీరలు రెండు కుట్టి తెర కట్టింది. మరుగుదొడ్డికి లోపలి గడియ పెట్టించడానికి మాకు పద్నాలుగు నెలలు పట్టింది. నాణ్యత కొలిచే పట్టికలు ఇవాళ చాలా ఉన్నాయి, ఏ.ఎన్.ఎం.లు ఎన్నో యాప్‌లు నింపుతున్నారు. నింపుతూ కూర్చుంటే ఇళ్లకు వెళ్లే పూట తగ్గిపోతోంది. ఒకసారి రాసిన పేరు ఇంకోచోట మళ్లీ రాయనక్కర్లేకుండా చేస్తే చాలు, సగం రోజు మిగులుతుంది.

నర్సమ్మ టీకాల పెట్టె సర్దే తీరు కూడా చెప్పి ముగిస్తాను. తెల్లవారుజామున ఐస్‌ప్యాకులు బయటపెట్టి, వాటి మీద చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా ఆగేది. గడ్డగా ఉన్నవి పెడితే పెంటావాలెంట్ సీసా గడ్డకట్టి మందు పాడవుతుంది. ఆలస్యమవుతోందని ఆటోవాడు హారన్ కొడుతుంటే ఐస్‌ప్యాకును చెవి దగ్గర పెట్టుకుని ఊపి వినేది. పాడైన టీకా వేసినా కార్డు మీద గుర్తు పడుతుంది, తల్లికి ఏమీ తెలియదు. ఆ తెలియని తల్లి కోసం ఆమె అంతసేపు నిలబడేది.

నోటుపుస్తకం నిన్న ఆమె కూతురు నా చేతికిచ్చింది. చివరి పేజీలో 14 పేర్లున్నాయి. 11 పేర్ల కింద గీత ఉంది. ఇప్పుడు ఆ సబ్‌సెంటరులో పనిచేస్తున్న అమ్మాయి వెనక వరసలో కూర్చుని ఉంది. సభకు ముందు పుస్తకం ఆమెకు చూపించాను. గీత లేని ఒక పేరు మీద వేలు పెట్టి, "ఈ మామ్మ చెరువు పక్కనే ఉంటుంది సార్, నడవలేకపోతోంది" అంది. ఎల్లుండి బి.పి. మిషను తీసుకుని వెళ్తుందట.