దురద చెప్పు మాట

ఈ విషయమును రేడియోలో మాటలాడవచ్చునా యని మేము చాలకాలము సంశయించితిమి. రేడియో వసారాలో మ్రోగుచుండును. మామగారు పడకకుర్చీలో నుందురు, కోడలు వంటయింట నుండును. కాని ఇట్టి సంశయమే స్త్రీని వైద్యురాలి యొద్దకు పోనీయక మందులషాపు వైపు నడిపించుచున్నది. కావున ముందుగా మేమే దానిని విడిచితిమి.

స్త్రీల గుహ్యావయవముల యందు కలుగు దురదకు మొద్దుబార్చు లేపనములు కలవు. అమెరికా మొదలగు దేశములలో ఇవి వైద్యుని చీటీ లేకయే దొరకును. మనదేశమునను, ఎవరో తెచ్చియిచ్చినవియో, షాపులో అడిగి పుచ్చుకొన్నవియో వాడువారు లేకపోలేదు. వీనిలో పేరెన్నికగన్న మందు బెంజోకెయిన్. నాడులు వార్తను మోయుటకు సోడియము వాని పొరలోని ద్వారముల గుండ లోనికి పోవలెను. ఈ మందు ఆ ద్వారములను కొంతసేపు మూసివేయును. దురదకు కారణము అట్లే యుండును. దాని వార్త మాత్రము మెదడునకు అందదు.

ఇందు మొదటి చిక్కు, మందే పడకపోవుట. బెంజోకెయిన్ కొందరి చర్మమునకు సరిపడదు. ఆ చోటి చర్మము పలుచనిది, తడిగా నుండునది. కొన్నాళ్లకు ఎఱ్ఱబారి, మంటపుట్టి, దురద హెచ్చును. రోగము ముదిరినదని తలచి ఆమె మరికొంత పూయును. పూసినకొలది దురద పెరుగును.

రెండవది అరుదు, కాని ప్రమాదకరము. బెంజోకెయిన్ వలన రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని కోల్పోవచ్చును. పెదవులు, గోళ్లు నీలివన్నె తిరిగి, ఆయాసము, తలతిరుగుట కలిగినచో తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

మూడవది యన్నిటికంటె ముఖ్యము. దురద యొకటే, కారణములు పెక్కు: బూజు, క్రిములు, సబ్బు, సువాసనద్రవ్యములు, చర్మవ్యాధులు. మాటిమాటికి వచ్చు దురద వెనుక మధుమేహము దాగియుండవచ్చును. ముట్లుడిగిన స్త్రీలలో తెల్లని మచ్చలతో వచ్చు ఒక చర్మవ్యాధిని ఉపేక్షించినచో, కొందరియందు అది క్యాన్సరుగా మారుటయు కలదు. అమెరికాలో 2002లో ప్రకటింపబడిన పరిశీలన యొకటి కలదు. తమకు బూజువ్యాధియే యని తామే నిర్ణయించుకొని మందు కొన్న 95 మందిని అందు పరీక్షించిరి. కేవలము ఆ వ్యాధియే గలవారు ఇంచుమించు మూడవవంతు మాత్రమే!

అట్లని ఒకపూట ఉపశమనమునకు వాడుట మహాపరాధమని మేమనము. వాడినచో వెలుపల మాత్రమే, పలుచగా, పుండ్లు లేని చోట, కొలదిదినములు మాత్రమే పూయవలెను. గర్భిణులు వైద్యురాలి నడుగక ముట్టరాదు. మంట హెచ్చినచో కడిగివేసి మానవలెను. పుండ్లు, దుర్వాసనతో తెల్లబట్ట, రక్తము, జ్వరము కనిపించినను, వారములో తగ్గకున్నను పరీక్ష తప్పదు. వట్టి నీటితో శుభ్రత, వదులైన నూలుబట్టలు మేలు; క్రిమిసంహారక ద్రవములతో కడుగుట కీడు.

వైద్యురాలికి ఇది నిత్యము వినెడి మాటయే. ఆమె యెదుట సిగ్గుపడ నక్కరలేదు. కోడలు చెప్పలేకున్నచో అత్తగారే యడుగవచ్చును. భర్త తోడుగా పోవచ్చును. లేపనము దురద నోరు మూయగలదు. అది యేమి చెప్పవచ్చినదో వినవలసినవారము మనమే.