శోధన సర్వరుతో సంభాషణ

జగిత్యాల సమీపమున పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానమందు రూపొందిన వరి వంగడమొకటి గలదు. శాస్త్రజ్ఞుల కాగితములలో దాని పేరు జె.జి.ఎల్. 1798. రైతులు దానిని జగిత్యాల సన్నాలందురు. కోరుట్ల రైతు కుమారుడెవడైన తన ఫోనులో ‘జగిత్యాల సన్నాలకు ఎరువు’ అని వ్రాసి వెదకినాడనుకొందము. ఆ సమాచారము అంకెల పేరుతో మాత్రమే నమోదై యున్నచో అతనికి ఒక్క పంక్తియు దొరకదు. సమాచారము లేకపోలేదు, ఉండియు అతనికి లేనిదే యయినది. ఈ కొరతను తీర్చు ఏర్పాటును గూర్చి శ్రోతలకు కొంత విన్నవింపగోరుచున్నాము.

ఇంటర్నెట్టుపై నడచు వెబ్ అప్లికేషను తన సమాచారమునంతటిని ప్రతిసారి మొదటినుండి తుదివరకు చదివి వెదకుచు కూర్చున్నచో కాలము చాలదు. పెద్ద గ్రంథముల చివర పదసూచిక యుండును గదా! ఏ పదము ఏయే పుటలలో నున్నదో అది తెలుపును. శోధన సర్వరు అట్టి సూచికను ముందుగనే కట్టి యుంచుకొనును. ఈ పనికి పునాది వేసినది లూసీన్. దానిని డగ్ కటింగ్ 1999లో జావా భాషలో వ్రాసెను. 2001లో అది అపాచీ సంస్థ నీడకు చేరెను. దానిపై యోనిక్ సీలీ 2004లో సోలర్‌ను నిర్మింపనారంభించెను. 2010లో షాయ్ బానన్ ఎలాస్టిక్‌సెర్చ్‌ను వెలువరించెను. రెండింటి గర్భమునను లూసీనే యున్నది.

అప్లికేషను ఒకచోట, సర్వరు వేరొకచోట. నడుమ ఉత్తరప్రత్యుత్తరములు నడపునది కోడ్ లైబ్రరీ. పేరు లైబ్రరీయే గాని అందు చదువదగిన పుస్తకములుండవు. సిరిసిల్ల మరమగ్గముల సంగతి యెరిగిన వారికి దీనిని చెప్పుట సులువు. యజమాని నూలునిచ్చును, ఆసామి దానిని నేయించి బట్టగా అప్పగించును, యజమాని ప్రతి మగ్గము కడకును పోవలసిన పని లేదు. లైబ్రరీ అట్టి ఆసామి వంటిది. పి.హెచ్.పి. భాషకు సోలేరియం, ఎలాస్టికా అనునవియు, పైథానునకు పైసోలర్ అనునదియు ఇట్టివి. 2003లో పుట్టిన తెలుగు వికీపీడియాలోని శోధన కూడ ఎలాస్టిక్‌సెర్చ్‌పైకి మారినప్పుడు నడుమ నిలిచినది ఎలాస్టికాయే.

దీనిని బిగించుట పెద్ద పని కాదు. సర్వరు చిరునామా, ద్వారసంఖ్య (సోలర్‌నకు వాడుకగా 8983, ఎలాస్టిక్‌సెర్చ్‌నకు 9200), వాడుకరి పేరు, రహస్యపదము తెలిపినచో మాట కలియును. సర్వరు పలుకనిచో ఎన్ని సెకనులు వేచియుండవలెనో కూడ ముందే చెప్పవలెను. చెప్పనిచో ఒక్క సర్వరు మొరాయించినంతనే అప్లికేషనంతయు దానికొరకు ఎదురుచూచుచు నిలిచిపోవును. నమోదు చేసిన వివరము కమిట్ అను ఆజ్ఞ వెలువడు వరకు సోలర్‌లో వెదకిన కనబడదు. ఇది తెలియని గుమాస్తా ‘ఎక్కలేదు’ అనుకొని అదే వివరమును మరల ఎక్కించును. కాబట్టి ప్రతి నమోదునకును మారని గుర్తుసంఖ్య యొకటి యుండవలెను. అప్పుడు రెండవసారి పంపినది మొదటిదాని స్థానమున కూర్చుండునే గాని జంటగా మారదు.

చూచుటకు అల్పములయిన చిక్కులే ఎక్కువ బాధించును. మన ఇండ్ల నంబరులలో ఏటవాలు గీత సాధారణము. లూసీన్ ప్రశ్నాభాషలో ఆ గీతకు వేరొక యర్థము గలదు. ‘5-3-21/2’ అని యున్నదున్నట్లు పంపినచో సర్వరు ప్రశ్న తప్పని తిరస్కరింపవచ్చును. అట్టి గుర్తులకు ముందు రక్షణచిహ్నము నుంచి పంపు ఉపాయము మంచి లైబ్రరీలో సిద్ధముగ నుండును. దానిని మరువక వాడుట మాత్రము మన పని.

ఇక తెలుగు. ‘సిరిసిల్ల’ వేరు, ‘సిరిసిల్లలో’ వేరు, ‘సిరిసిల్లకు’ వేరు అని యంత్రము తలచును. ప్రత్యయములను కోసి మూలపదమును మిగుల్చు తెలుగు పరికరము లూసీన్ 9వ తరములో గలదు. మంచిదే. కాని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అను మూడు పేర్లును ‘ల’తో ముగియుచున్నవి. పుస్తకాల, చెట్ల, ఇండ్ల అను బహువచన రూపములును అట్లే ముగియును గదా! కత్తెర ఈ పేర్లను కూడ బహువచనములనుకొన్నచో తోక తెగును. నమోదునందును ప్రశ్నయందును ఒకే విధముగ తెగినచో ఊరు దొరకును గాని, తెగిన మొండెము మరియొక పదముతో కలిసి అక్కరలేని వివరములు వచ్చిపడును. కావున ‘వీనిని కోయరాదు’ అని ఊరిపేర్ల పట్టిక యొకటి ఇయ్యవలెను. లూసీన్‌లో అందులకు వీలున్నది. ‘కరీంనగర్‌లో’ అని టైపు చేయునప్పుడు పొల్లు చెదరకుండుటకు కంటికి కానరాని విడదీత గుర్తు చేరును. ఒకరు దానిని చేర్తురు, మరియొకరు చేర్పరు. చదువరికి రెండును ఒక్క మాటయే, యంత్రమునకు రెండు. ఇరువైపులను దానిని తొలగింపవలెను.

2016 అక్టోబరు 11వ తేదీన జగిత్యాల జిల్లాయు, రాజన్న సిరిసిల్ల జిల్లాయు ఏర్పడినవి. అంతకు పూర్వపు కాగితములలో ఈ మూడు పట్టణములును కరీంనగర్ జిల్లాలోనివే. ‘జగిత్యాల జిల్లా’ అని వెదకువారికి పాత వివరములు దొరకుటకై కరీంనగర్‌ను జగిత్యాలకు పర్యాయపదముగ వ్రాయుదురు కొందరు. ఇది మాకు సమ్మతము కాదు. అట్లు చేసినచో కరీంనగర్ పట్టణపు సమస్తమును వచ్చి జగిత్యాల వాకిట నిలుచును. పాత నమోదులకు నేటి జిల్లా పేరును వేరొక గడిలో చేర్చుట శ్రమయైనను సరియైన మార్గము. ‘రాజన్న’ అను మాటతో వేములవాడ దేవాలయము వచ్చుట సహజము. అది వచ్చినను నష్టము లేదు.

భద్రత విషయమున ఉదాసీనత కూడదు. ఎలాస్టిక్‌సెర్చ్‌లో రహస్యపదపు కాపుదల 2019 మే నెల వరకు ఉచితముగ లభింపలేదు. తలుపు తెరచియుంచిన సర్వరులనుండి లక్షలకొలది జనుల వివరములు బయటపడిన సందర్భములు లోకమున పెక్కు. నేతకార్మికుల పేర్లు, బ్యాంకు ఖాతాలు గల పట్టికను అట్టి సర్వరులో నుంచినచో నష్టపడువారు వారే. సర్వరు ద్వారము అప్లికేషనునకు మాత్రమే తెరువబడవలెను, లోకమునకు కాదు.

లైబ్రరీని పిలుచు పంక్తులు అప్లికేషను నిండ చల్లక ఒక్కచోట నుంచవలెనని మేము చెప్పుటకు కారణము గలదు. 2021లో ఎలాస్టిక్‌సెర్చ్ లైసెన్సు నిబంధనలు మారెను. అమెజాన్ దాని పాత రూపమునుండి ఓపెన్‌సెర్చ్ అను శాఖను వెలువరించెను. ఆ యేడే ఎలాస్టిక్ సంస్థవారి లైబ్రరీలు, 7.14వ రూపమునుండి, ఎదుట నున్నది తమ సర్వరు కానిచో మాటాడుట మానినవి. పిలుపులన్నియు ఒక్క ఫైలులో నుంచుకొన్నవారు ఆ ఫైలును మార్చిరి. తక్కినవారు పుట పుటను గాలింపవలసివచ్చెను.