ఒడంబడిక మన కోర్టు గడప తొక్కేదెలా?

ఇది మా గురువుగారి స్మారకోపన్యాసం.

గురువుగారి ప్రాక్టీసంతా మున్సిఫ్ కోర్టులోనే సాగింది. అంతర్జాతీయ చట్టం అన్న మాట నేను మొదట విన్నదీ అక్కడే, ఒక ఇ.పి. (డిక్రీ అమలు పిటిషన్) విచారణలో.

నోటు మీద బాకీ. దావా డిక్రీ అయింది, సొమ్ము రాలేదు. బాకీదారును సివిల్ జైలుకు పంపమని డిక్రీదారు ఇ.పి. వేశాడు. జైల్లో అతని తిండికయ్యే బత్తా తానే కడతానన్నాడు. బాకీదారు కౌలు రైతు. వరసగా రెండేళ్లు పంట పోయింది. తువ్వాలు చంకలో పెట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. గురువుగారు లేచి, “అయ్యా, ఇతను ఎగ్గొట్టినవాడు కాడు, కట్టలేకపోయినవాడు. ఆ తేడా చూడమని సుప్రీంకోర్టు చెప్పింది” అంటూ పాత తీర్పు ఒకటి ముందు పెట్టారు.

అది 1980 ఫిబ్రవరిలో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం చేరింది 1979 ఏప్రిల్‌లో. ఒప్పందం ప్రకారం కట్టవలసింది కట్టలేకపోయాడన్న ఒక్క కారణంతో ఎవరినీ ఖైదు చెయ్యకూడదని దాని 11వ అధికరణం చెబుతుంది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908 నాటిది. డిక్రీ తర్వాత చెల్లించే స్తోమత ఏదో ఒకప్పుడు ఉండి కూడా కట్టలేదంటే చాలు, బాకీదారును జైలుకు పంపవచ్చన్నట్టుగా 51వ సెక్షన్ కనిపిస్తుంది. కృష్ణయ్యర్ ఆ సెక్షన్‌ను కొట్టివెయ్యలేదు. బాకీదారులో దురుద్దేశం ఉండాలి, ఇప్పుడు అతనికున్న స్తోమత ఏమిటో, మీద పడ్డ మిగతా భారాలేమిటో చూడాలి అన్నారు. రాజ్యాంగం 21వ అధికరణంతో పాటు ఆ ఒడంబడికనూ పక్కన పెట్టుకుని చదివితే ఆ సెక్షన్‌కు వచ్చే అర్థం అదేనన్నారు. చట్టంలో అక్షరం మారలేదు, చదివే తీరు మారింది.

ఒడంబడిక తనంతట తాను మన చట్టం కాదని అదే తీర్పు స్పష్టంగా చెప్పింది. దాన్ని అమలు చేసే చట్టం తెచ్చే అధికారం రాజ్యాంగం 253వ అధికరణం కింద పార్లమెంటుది. అంతర్జాతీయ బాధ్యతల పట్ల గౌరవం పెంచమని 51వ అధికరణం ప్రభుత్వానికి చెబుతుంది. ఈ రెంటి నడుమ న్యాయమూర్తికి కొంత చోటుంది. చట్టానికి రెండు అర్థాలు వచ్చేచోట మనం ప్రపంచానికిచ్చిన మాటకు దగ్గరగా ఉన్న అర్థాన్ని ఎంచుకోవచ్చు. చట్టమే లేనిచోట ఆ మాటనే ఆసరా చేసుకోవచ్చు.

అలా ఆసరా చేసుకున్నదే 1997 నాటి విశాఖ తీర్పు. పనిచేసే చోట లైంగిక వేధింపులను ఆపేందుకు అప్పటికి చట్టం లేదు. మహిళలపై వివక్షను నిర్మూలించే ఒడంబడికను మనం 1993లో ధ్రువీకరించాం. దాన్ని చూసుకునే జస్టిస్ వర్మ ధర్మాసనం మార్గదర్శకాలు ఇచ్చింది. పార్లమెంటు చట్టం చేసేసరికి 2013 వచ్చింది. ఆ పదహారేళ్లూ ఉద్యోగినులకు అండ ఆ మార్గదర్శకాలే.

నన్ను ఎక్కువగా కదిలించే కేసు మాత్రం ఒడిశాకు చెందిన ఒక తల్లిది. 1987 డిసెంబరు 1న ఇరవై రెండేళ్ల ఆమె కొడుకును పోలీసులు తీసుకెళ్లారు. మర్నాడు రైలు పట్టాల మీద శవం దొరికింది. తప్పించుకుని పారిపోయాడన్నారు పోలీసులు. ఆమె సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుని, 1993లో లక్షా యాభై వేల రూపాయలు పరిహారంగా ఇప్పించింది. అదే నీలబతి బెహరా తీర్పు. అక్రమ నిర్బంధానికి పరిహారం హక్కన్న పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక నిబంధనను ఒప్పుకోబోమని మన ప్రభుత్వం చేరేటప్పుడే మినహాయింపు పెట్టుకుంది. అయినా కోర్టు ఆ నిబంధనను ప్రస్తావించింది. ఆ మినహాయింపుకు ఇక ప్రాధాన్యం లేదని 1996లో డి.కె. బసు తీర్పు తేల్చింది.

ప్రతిసారీ ఇలా జరగదు. 2021లో రోహింగ్యాలను వెనక్కి పంపకుండా ఆపమని కోరితే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేదు. శరణార్థుల ఒప్పందంలో మన దేశం లేదని ప్రభుత్వం వాదించింది. చిత్రహింసల నిషేధ ఒప్పందంపై 1997లో సంతకం చేశాం గానీ ఇప్పటికీ ధ్రువీకరించలేదు. న్యాయమూర్తి మనసు మీదే పూర్తిగా ఆధారపడిన హక్కు నిలకడైన హక్కు కాదు. అందుకే పార్లమెంటు తన వంతు చెయ్యాలి.

మన వంతు కూడా ఉంది. ఈ హాల్లో కూర్చున్న జూనియర్లకు ఒక మాట. సివిల్ జైలు కోరుతూ ఇ.పి. వస్తే కౌంటర్‌లో ఆ 1980 తీర్పు రాయండి, స్తోమత మీద విచారణ జరపాలని పట్టుబట్టండి. ఆనాడు జడ్జిగారు ఆ విచారణే చేయించారు, కౌలు రైతు సాయంత్రానికి ఇంటికి వెళ్లాడు. బాకీ మాఫీ కాలేదు. పంట వచ్చినప్పుడల్లా కొంత కొంత తెచ్చి కోర్టులో కట్టాడు. గురువుగారు ఆ రసీదులన్నీ ఫైల్లో గుచ్చి దాచారు. ఆ ఫైలు ఇప్పుడు నా దగ్గరుంది.