సర్ గంగారాముగారి జీవితము – మన కర్తవ్యము

(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



వైశ్యకులమున జన్మించి లోకోపకారము గావించిన యొక మహనీయుని గూర్చి ప్రసంగింపుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. తెలుగునాట దాతలకు కొఱత లేదు. అయినను నేడు మేము పంజాబు దేశపు అగర్వాలుడగు సర్ గంగారాముగారిని స్మరింపదలచితిమి. కారణము మీకే బోధపడగలదు.

గంగారాముగారు 1851లో మంగటన్‌వాలా గ్రామమున జన్మించిరి. తండ్రి దౌలతరాముగారు పోలీసు శాఖలో చిన్న యుద్యోగి. కుమారుడు రూర్కీ థామసన్ కళాశాలయందు ఇంజనీరింగు చదివి 1873లో ఉత్తీర్ణుడయ్యెను. పిమ్మట ఇంగ్లాండునందలి బ్రాడ్‌ఫర్డు నగరమున నీటి సరఫరా, మురుగు కాలువల నిర్మాణము నభ్యసించెను. లాహోరులోని పెద్ద తపాలా కార్యాలయము, మ్యూజియము, ఐచిసన్ కళాశాల భవనములు వారి ప్రతిభకు సాక్ష్యములు.

1903లో ప్రభుత్వపు కొలువు విరమించిన పిమ్మటనే వారి నిజమైన వ్యాపారము వర్ధిల్లెను. మాంట్‌గోమరీ జిల్లాలో కాలువ కంటె మెరకగా నున్న వేలకొలది ఎకరములు నీరెక్కక బీడుపడియుండెను. గంగారాముగారు ఆ భూములను సర్కారు నుండి కౌలునకు గైకొనిరి. రెనాలా ఖుర్దు వద్ద కాలువ నీరు పల్లమునకు దుముకు బలముతో చక్రములు త్రిప్పి విద్యుచ్ఛక్తి పుట్టించి, ఆ శక్తితోనే పంపుల ద్వారా నీటిని మెరకకు తోడించిరి. ఆ విద్యుత్కేంద్రము 1925లో ప్రారంభమయ్యెను. భగీరథుడు గంగను మీదినుండి క్రిందికి దెచ్చెను. ఈ గంగారాముడు నీటిని క్రిందినుండి మీదికి నెక్కించెను.

అట్లార్జించిన ధనము దేనికి వ్యయమయ్యెను? 1914లో లాహోరున వితంతు వివాహ సహాయక సభను స్థాపించిరి. 1921లో వైద్యశాలను నెలకొల్పిరి. దిక్కులేని వితంతువులకు ఆశ్రమము కట్టించి, విద్యయు వృత్తియు నేర్పించిరి. 1922లో సర్ బిరుదము నందిరి. 1927లో లండనున స్వర్గస్థులైరి. వారి యస్థులలో కొంతభాగము గంగయందు నిమజ్జనమాయెను. తక్కినది లాహోరునకు జేరెను. 1947లో దేశము రెండయ్యెను. లాహోరు వైద్యశాలకు నేటికిని వారి పేరే. 1954లో ఢిల్లీయందును వారి పేర మఱియొకటి వెలసెను. రోగి బాధకు సరిహద్దు లేదు గదా!

మహాజనులారా! వితంతూద్ధరణము మనకు క్రొత్త మాట కాదు. 1881లోనే రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు వితంతు వివాహము జరిపించిరి. అయినను నేడు మన యిండ్లలో జరుగుచున్న దేమి? తండ్రి లేని బిడ్డను ఒంటిచేత పెంచి, చదివించి, పెండ్లికొఱకు పైకము కూర్చిన తల్లి దూరమున స్తంభము చాటున నిలుచును. పినతండ్రి దంపతులు పీటలపై గూర్చుండి కన్యాదానము చేయుదురు. ఇది మనలో జూడనివా రెవరు?

శాస్త్రము ఒప్పదని కొందఱందురు. సంస్కృతమున జీవితము గడపిన మేము సవినయముగ మనవి చేయుచున్నాము: పరాశరస్మృతిని ఆధారముగా గొనియే ఈశ్వరచంద్ర విద్యాసాగరులు వాదించిరి; 1856లో చట్టమును ఆయెను. అడ్డము శాస్త్రము కాదు, మన యలవాటు.

మన సంఘము సత్రములు కట్టినది, వసతిగృహములు నడపుచున్నది. సంతోషము. ఇక సంఘనిధిలో నొక భాగము వితంతువుల విద్యకును, ఉపాధికిని కేటాయింపవలెను. పునర్వివాహము కోరు స్త్రీల సంబంధములను సంఘమే వెదకిపెట్టవలెను. కన్నతల్లి చేతుల మీదుగనే కన్యాదానము జరుగునట్లు ప్రతి కుటుంబపెద్దయు మాట యియ్యవలెను. ఈ మూడింటిని ఈ మహాసభ తీర్మానరూపమున నంగీకరింపుమని కోరుచు విరమించుచున్నాము.